మూలికల అంగడి – సెల్‌ఫోను: అమ్మేవారికి, కొనేవారికి కొన్ని హితవులు

చికిత్సకు నాలుగు పాదాలున్నవని ఆయుర్వేదం చెబుతున్నది. వైద్యుడు, ఔషధ ద్రవ్యం, పరిచారకుడు, రోగి. చరక సంహిత సూత్రస్థానంలోని తొమ్మిదవ అధ్యాయం ఈ విషయాన్నే విచారిస్తుంది. వీటిలో రెండవదైన ద్రవ్యం మన ఇంటికి ఏ దారిన వస్తున్నదనే ప్రశ్న మన పెద్దల కాలంలో అంతగా తలెత్తలేదు. వీధి చివర మూలికల కొట్టు ఉండేది. కొట్టు యజమాని మన తాతగారిని ఎరిగినవాడు. శొంఠి అడిగితే "ఎవరికండీ, ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగి, పొట్లం కడుతూనే నాలుగు మాటలు చెప్పేవాడు. కరక్కాయను పగులగొట్టి లోపల పురుగు లేదని చూపించేవాడు.

ఇప్పుడు అదే శొంఠి, అదే కరక్కాయ సెల్‌ఫోనులో బొమ్మగా కనిపిస్తున్నవి. వేలితో తాకితే మూడవనాటికి పార్సిలు గుమ్మం ముందుంటున్నది. ఊరిలోని మూలికల కొట్లు కూడా ఈ మార్గంలో నడవక తప్పని పరిస్థితి ఏర్పడినది. నడవనివి ఒక్కొక్కటిగా మూతపడుతున్నవి. కొట్టు మూతపడితే మనకు పోయేది అంగడి మాత్రమే కాదు, ద్రవ్యాన్ని చూసి గుర్తించగల కన్ను కూడా.

అంగడి ఫోనులోకి రావడం తప్పు కాదు. అయితే అంగట్లో పొట్లంతో పాటు చెప్పే ఆ నాలుగు మాటలు కూడా ఫోనులోకి రావలెను. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

కొత్త సాధనం, పాత సంప్రదాయం

ఔషధాలు అమ్మేవారు కొత్త ప్రచార సాధనాలను ఆశ్రయించడం మన తెలుగువారికి వింత కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. సంగీత సభలలో నమూనాలను ఉచితంగా పంచిపెట్టి, ఆ మందును జనానికి పరిచయం చేశారు. ఆ వ్యాపారంలో వచ్చిన ధనమే 1908లో ఆంధ్రపత్రిక పుట్టుకకు అండగా నిలిచినది. మద్రాసులో కేసరి కుటీరం స్థాపించిన డాక్టరు కె.ఎన్. కేసరిగారు 1928లో గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించారు. వారి లోధ్ర పేరు తెలియని తెలుగు ఇల్లాలు ఆ రోజులలో అరుదు.

ఆనాటి పత్రికా ప్రకటన, తపాలా పార్సిలు చేసిన పనినే ఈనాటి వాట్సాప్, గూగుల్, ఫేస్‌బుక్, యూట్యూబ్ చేస్తున్నవి. ఒక తేడా మాత్రం గమనించదగినది. ఆనాటి ప్రకటన ఒకవైపు నుండి మాత్రమే మాట్లాడేది. ఈనాడు కొనేవాడు తిరిగి ప్రశ్నించవచ్చు, అమ్మేవాడు వెంటనే సమాధానమీయవచ్చు. ఆ విధంగా చూస్తే సెల్‌ఫోను పత్రికా ప్రకటన కంటె పాత అంగటి గుమ్మానికే దగ్గర బంధువు. ఈ సౌకర్యాన్ని సరిగా వాడుకుంటే పెద్ద పెట్టుబడి లేని చిన్న కొట్టు కూడా నిలబడగలదు.

దుకాణం ఫోనులోకి వచ్చే తీరు

చిన్న వ్యాపారుల కొరకు వాట్సాప్ బిజినెస్ అనే ప్రత్యేక యాప్ 2018లో వచ్చినది. దీనికి రుసుము లేదు. అందులో కొట్టు పేరు, చిరునామా, తెరచి ఉండే వేళలు వ్రాసుకోవచ్చు. సరుకుల బొమ్మలను ధరలతో సహా పట్టికగా పెట్టుకోవచ్చు. కొట్టు మూసిన వేళలో ఎవరైనా అడిగితే, "రేపు ఉదయం సమాధానమిస్తాము" అనే మాట దానంతటదే వెళ్ళే ఏర్పాటున్నది.

గూగుల్ పటంలో కొట్టును నమోదు చేసుకోవడానికి కూడా ఖర్చు లేదు. ఊరికి కొత్తగా వచ్చిన కుటుంబం వట్టివేరు ఎక్కడ దొరుకుతుందని వెదికితే మన వీధి కనిపించవలెనన్న కోరిక న్యాయమైనదే. అయితే అక్కడ వ్రాసిన వేళలు నిజమై ఉండవలెను. ఎండలో ఆటోలో వచ్చినవారికి మూసిన తలుపు కనిపిస్తే రెండవసారి రారు.

మరొక ముఖ్య విషయం. చాలామంది వ్యాపారులు ఖాతాదారులందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చుతున్నారు. ఇది మూలికల కొట్టుకు తగదు. గ్రూపులో ఒకరి ఫోను నంబరు మరొకరికి కనిపిస్తుంది. మొలల బాధకు, తెల్లబట్ట వ్యాధికి మూలిక అడిగిన స్త్రీ ప్రశ్నను పేటలోని వారందరూ చదువుతారు. రోగి రహస్యాన్ని కాపాడడం వైద్యునికే కాదు, ఔషధం అమ్మేవారికి కూడా ధర్మమే. దీనికి బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడుకోవలెను. అందులో కబురు ఒక్కొక్కరికీ విడిగా చేరుతుంది, సమాధానం కొట్టుకు మాత్రమే వస్తుంది. మామూలు బ్రాడ్‌కాస్ట్ కొట్టు నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అందుతుంది. ఇది లోపమని కొందరంటారు. నా దృష్టిలో ఇది సుగుణం. మన మాట వినదలచినవారికే మనం చెప్పినట్లవుతున్నది.

తిప్పతీగ నేర్పిన పాఠం

2020, 2021 సంవత్సరాలలో కరోనా విజృంభించినప్పుడు తిప్పతీగకు ఎన్నడూ లేని గిరాకీ ఏర్పడినది. ఫోనులలో వచ్చిన వీడియోలు చూసి, ప్రాకే ప్రతి తీగను కోసి కషాయం కాచుకున్నవారు ఉన్నారు. 2021లో కొందరు ఆధునిక వైద్యులు తిప్పతీగ వాడిన రోగులలో కాలేయానికి హాని కలిగిన ఉదంతాలను ప్రచురించారు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనిపై స్పందించి, శాస్త్రోక్తమైన తిప్పతీగ సురక్షితమైనదేనని, దానిని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే మరొక తీగ హాని చేయవచ్చునని, రెండింటికీ గల భేదాన్ని గుర్తించవలెనని ప్రకటించినది.

ఆ భేదం ఏమిటి? అసలు తిప్పతీగ పచ్చగా ఉంటుంది. కాండంపై ఎత్తైన బుడిపెలు ఉండవు, తుంచితే పాలు రావు, పండ్లు గుండ్రంగా, ఎర్రగా ఉంటాయి. రెండవ తీగ కాండం బూడిద వన్నెలో, బుడిపెలతో ఉంటుంది, పాలు వస్తాయి. ఆకులు మాత్రం రెండింటికీ హృదయాకారంలోనే ఉంటాయి. ఫోనులో పంపే బొమ్మలో సాధారణంగా ఉండేది ఆకే! కాండం ఎండి ముక్కలైన తరువాత గుర్తించడం మరింత కష్టం.

ఇటువంటి చిక్కు తిప్పతీగతోనే ముగియదు. "సరస్వతి" అని అడిగితే ఒకరు మండూకపర్ణిని ఇస్తారు, మరొకరు బ్రాహ్మిని ఇస్తారు. రెండూ మేధ్య ద్రవ్యాలే కాని మొక్కలు వేరు. రాయలసీమలో నన్నారి పేరుతో సుగంధిపాల వేళ్ళూ అమ్ముతారు, లావుగా ఉండే మారెడు గడ్డల వేళ్ళూ అమ్ముతారు. అంగట్లో అయితే చూసి, వాసన పీల్చి, "ఇది ఏదండీ?" అని అడగవచ్చు. ఫోనులో వాసన రాదు. ఆ కొరత తీర్చవలసిన బాధ్యత అమ్మేవారిదే.

బొమ్మతో పాటు ఉండవలసిన ఆరు మాటలు

మంచి ద్రవ్యానికి చరకుడు నాలుగు గుణాలు చెప్పినాడు. కావలసినంత లభించడం, వ్యాధికి తగినదై ఉండడం, చూర్ణం, కషాయం మొదలైన అనేక రూపాలుగా మలచడానికి వీలుండడం, రస వీర్యాదులతో సంపన్నమై ఉండడం. ఈ గుణాలను దృష్టిలో ఉంచుకొని, ఫోనులో పెట్టే ప్రతి మూలిక బొమ్మ క్రింద ఈ ఆరు మాటలు వ్రాయమని నా వద్దకు వచ్చే వ్యాపారులకు చెబుతున్నాను.

1. పేరు: తెలుగు పేరు, సంస్కృత నామం, వీలైతే వృక్షశాస్త్ర నామం. మూడూ కలిస్తే పొరపాటు తగ్గుతుంది.

2. భాగం: వేరా, బెరడా, ఆకా, గింజా అన్నది. ఒకే చెట్టులో వేరు చేసే పని ఆకు చేయదు.

3. ఎక్కడిది: అడవి నుండి వచ్చినదా, తోటలో పెంచినదా, టోకు బజారులో కొన్నదా అన్నది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని గిరిజనుల వద్ద కొని అమ్ముతున్నది. అటువంటి చోటు నుండి తెచ్చినట్లయితే ఆ మాట చెప్పుకోవడంలో గౌరవమున్నది.

4. ఎప్పటిది: ఎండిన మూలిక ఏడాది దాటితే గుణం తగ్గునని, చూర్ణం రెండు నెలలకే వీర్యం కోల్పోవునని శార్‌ఙ్గధరుడు చెప్పినాడు. నేటి డబ్బాలలో గాలి చొరబడకుండా భద్రపరచినవి మరికొంత కాలం నిలువవచ్చు. ఏమైనా, విడిగా అమ్మే పొడిపై దంచిన తేదీ వ్రాయడం ఉత్తమం.

5. ఎవరికి వద్దు: ఇది అన్నింటికంటె ముఖ్యం. అతిమధురం ఎక్కువ కాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది. సునాముఖి గర్భిణులకు తగదు, ఇతరులు కూడా నిత్యం వాడరాదు. పిప్పలిని అతిగా, ఎడతెగకుండా సేవించరాదని చరకుడే హెచ్చరించినాడు. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు.

6. ఎవరిని అడగవలెను: సందేహం వచ్చినప్పుడు మాట్లాడవలసిన వ్యక్తి పేరు, నంబరు, వేళ.

ఉదాహరణకు ఒక కబురు ఇట్లుండవచ్చు: "తిప్పతీగ (గుడూచి). ఎండిన కాండం ముక్కలు. మన జిల్లా రైతు తోటలో వేపచెట్టుకు ప్రాకిన తీగ. గత నెలలో ఎండబెట్టినది. గర్భిణులు, కాలేయ వ్యాధి గలవారు, మధుమేహానికి మాత్రలు వాడుతున్నవారు వైద్యుని అడిగిన పిమ్మటనే వాడవలెను. సందేహాలకు సాయంకాలం 5 నుండి 7 వరకు ఫోను చేయగలరు." ఇందులో ఆర్భాటం లేదు. చదివినవారికి నమ్మకం మాత్రం కలుగుతుంది.

వత్సనాభి, ముషిణి గింజ, నేపాళం, నల్లజీడి, ఉమ్మెత్త వంటి విష ద్రవ్యాలను ఫోను పట్టికలో పెట్టనే రాదు. శుద్ధి తెలియనివారి చేతిలో అవి ప్రాణాంతకాలు. వీటితో తయారైన లోపలికి తీసుకునే మందులపై వైద్య పర్యవేక్షణలోనే వాడవలెనని హెచ్చరిక ముద్రించవలెనని చట్టమే చెబుతున్నది.

వ్రాయకూడని మాటలు

"షుగరు శాశ్వతంగా మాయం", "క్యాన్సరు నయం", "కంటి శుక్లాలు ఆపరేషను లేకుండా కరుగును". ఇటువంటి మాటలు ఈనాడు ఫోనులలో కోకొల్లలు. ఔషధాలు, అద్భుత చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954లోనే వచ్చినది. మధుమేహం, క్యాన్సరు, శుక్లాలు, పక్షవాతం, మూర్ఛ, రక్తపోటు మొదలైన వ్యాధులను నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని ఆ చట్టం నిషేధించినది. ఫోను కబురుకు ఈ చట్టం వర్తించదని కొందరి భ్రమ. ప్రకటన అంటే కరపత్రం, పొట్లంపై కాగితం మాత్రమే కాదు, కాంతి ద్వారా గాని ధ్వని ద్వారా గాని పొగ ద్వారా గాని చేసే ఏ ప్రకటనయైనా అని ఆ చట్టంలోనే ఉన్నది. సెల్‌ఫోనులో ఉన్నవి కాంతి, ధ్వని కాక మరేమిటి?

చట్టం పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే చరకుడు ఈ రకం వారిని వర్ణించినాడు. సూత్రస్థానం ఇరవైతొమ్మిదవ అధ్యాయంలో వైద్యులను ప్రాణాభిసరులు, రోగాభిసరులు అని రెండు తెగలుగా విభజించినాడు. రెండవ తెగవారు వైద్యుని వేషంలో వీధులలో తిరుగుతారట. ఎవరికైనా జబ్బు చేసినదని వింటే చాలు, అక్కడికి చేరి తమ గొప్పలు వినబడేటట్లు చెప్పుకుంటారట, అప్పటికే చికిత్స చేస్తున్న వైద్యుని తప్పులు ఎన్నుతారట. ఆ వీధులు నేడు ఫోనులోకి వచ్చినవి, అంతే.

దీని వలన జరిగే హాని ఎటువంటిదో చెబుతాను. కొంతకాలం క్రితం ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నా వద్దకు వచ్చినారు. ఇరవై ఏళ్ళుగా మధుమేహం. ఫోనులో ఒక ప్రకటన చూసి, దూర ప్రాంతం నుండి ఒక పొడి తెప్పించుకున్నారు. దానిని నమ్మి, డాక్టరుగారు ఇచ్చిన మాత్రలు మానివేసినారు. ఆరు వారాలు గడిచేసరికి కాలి వ్రేలికి పుండు పడినది. ఆ పొట్లం తెచ్చి నా ముందుంచి, "ఇది మంచిదేనా?" అని అడిగినారు. దానిపై అందమైన ఆకు బొమ్మ ఉన్నది. ద్రవ్యాల పేర్లు లేవు, తయారీదారు చిరునామా లేదు, లైసెన్సు నంబరు లేదు. అందులో ఏమున్నదో తెలియనిదే దాని గుణదోషాలను ఎవరు చెప్పగలరు? ఆ నంబరుకు ఫోను చేయించినాను, పలకలేదు. వారిని వెంటనే ఆసుపత్రికి పంపినాను. ప్రాణం దక్కినది కాని ఆ వ్రేలు దక్కలేదు. నష్టపోయినది ఆ ఉపాధ్యాయులొక్కరే కాదు. ఆ ఇంటివారు ఇకపై మంచి ఆయుర్వేద ఔషధాన్ని కూడా నమ్మరు.

దీనికి ఎదురుగా మా ఊరి మూలికల కొట్టు విషయం కూడా చెప్పవలెను. ఆ యజమాని కుమారుడు రెండేళ్ళుగా వాట్సాప్ ద్వారా సరుకు పంపుతున్నాడు. ఒకే ఇంటి నుండి రెండు నెలలలో నాలుగుసార్లు సునాముఖి ఆకు కావలెనని కబురు రావడం గమనించినాడు. ఐదవసారి సరుకు పంపలేదు, ఫోను చేసినాడు. "అమ్మా, ఇంత సునాముఖి ఎవరికండీ?" అని అడిగినాడు. ఆ ఇంటి అమ్మాయి సన్నబడడానికి రోజూ తాగుతున్నదట. "రోజూ విరేచనాలు చేసుకుంటే ఒంట్లో సత్తువ పోతుందమ్మా, ముందు వైద్యులకు చూపించండి" అని చెప్పి పంపడం మానివేసినాడు. ఒక బేరం పోయినది. నేడు ఆ అపార్టుమెంటులోని చాలా ఇళ్ళవారు పసుపు మొదలు వట్టివేరు వరకు అతని వద్దనే తీసుకుంటున్నారు. ఫోను చేతిలో ఉన్న దుకాణదారుడు ఖాతాదారునికి దగ్గర కావడమంటే ఇది.

ఋతువునకు తగిన కబురు

రోజుకు పది "శుభోదయం" కబుర్లు పంపే కొట్టును జనం ఫోనులో అడ్డుకుంటారు. ఏడాదికి పది మంచి కబుర్లు చాలు. మన ఋతుచర్య, పండుగలు అందుకు చక్కని పట్టిక సమకూర్చినవి.

చైత్రంలో వేపపువ్వును నీడన ఎండబెట్టి దాచుకునే విధం. ఎండకాలంలో కుండ నీటిలో వట్టివేరు వేసుకోవడం, సుగంధిపాల పానకం. ఆషాఢంలో గోరింటాకు, దానితో పాటు నల్లని రంగు కలిపిన గోరింటలు చర్మానికి చేసే హాని. వానకాలంలో అగ్ని మందగించినప్పుడు శొంఠి, వాము. కార్తీకంలో కొత్త ఉసిరికాయలను ఎంచుకునే తీరు. సంక్రాంతి చలిలో నువ్వులు, మిరియాలు. ప్రతి కబురు చివర సరుకు ధర వ్రాసుకుంటే తప్పు లేదు. ముందు ప్రయోజనం, పిమ్మట ధర.

ఇంట్లో సున్నిపిండి, కరివేపాకు పొడి, ఉసిరి తొక్కు చేసి ఫోను ద్వారా అమ్ముతున్న సోదరీమణులకు కూడా ఒక మాట. తినే పదార్థం అమ్మేవారు ఎంత చిన్నవారైనా ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేసుకొని, పద్నాలుగు అంకెల నంబరును పొట్లంపై వేయవలెను. పొడిని పొడిగానే అమ్ముకోవలెను. "ఇది కీళ్ళ నొప్పులకు మందు" అని వ్రాసిన క్షణం నుండి అది ఔషధమవుతుంది. ఔషధం తయారుచేసి అమ్మడానికి వేరే లైసెన్సు కావలెను. వైద్యుడు తన రోగికి స్వయంగా తయారుచేసి ఇచ్చేదానికి మాత్రమే చట్టంలో మినహాయింపు ఉన్నది.

కొనే గృహస్థులకు

తయారీ ఔషధం ఇంటికి రాగానే పొట్లం విప్పక ముందు చూడవలసినవి ఇవి: "ఆయుర్వేద ఔషధం" అన్న మాట, ద్రవ్యాల పట్టిక, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ. వీటిలో ఏది లేకున్నా వాడకండి, తిప్పి పంపండి. విప్పిన తరువాత బూజు వాసన, పురుగు, తేమ ఉన్నవేమో చూడండి.

ఆన్‌లైనులో కనిపించే మెచ్చుకోళ్ళను చూసి మోసపోకండి. ఒకే రోజున, ఒకే రకం మాటలతో వచ్చిన పొగడ్తలను అనుమానించండి. ఇటువంటి సమీక్షల విషయంలో పాటించవలసిన పద్ధతులపై భారత ప్రమాణాల సంస్థ 2022లో ఒక ప్రమాణాన్ని ప్రకటించినది. అమ్మినవారు మోసగించి పలకకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

ఏ ప్రకటన చూసినా డాక్టరుగారు ఇచ్చిన మాత్రలను మీ అంతట మీరు మానకండి. కొత్తగా ఏ మూలిక మొదలుపెట్టినా ఆ సంగతి మీ వైద్యునికి చెప్పండి.

చివరగా ఒక సులభమైన పరీక్ష. కొనబోయే ముందు ఆ నంబరుకు ఫోను చేసి, "ఇది ఎవరు వాడకూడదండీ?" అని అడగండి. "అందరూ వాడవచ్చు, ఏ దోషమూ లేదు" అన్నవారి వద్ద కొనకండి. "ఎవరికండీ, వయసెంత, ఇప్పుడేమి మందులు వాడుతున్నారు?" అని తిరిగి ప్రశ్నించినవారి నంబరును మీ ఫోనులో భద్రంగా దాచుకోండి.